కంట్రోలు కిరసనాయిలు

బాపట్ల,
18 జూన్ 2025

చిన్నమ్మగారికి రాజమ్మ వందనాలు.

మీ ఉత్తరం అందింది. తొంభై ఏళ్ళ మోకాళ్ళు నొప్పెడుతున్నాయని మీరు ఆశ్చర్యపోతే నేనేం చెప్పను? నావి మీకన్నా నాలుగేళ్ళు చిన్నవి, అయినా మాట వినడం లేదు. ఉత్తరాలేంటి, ఫోను చెయ్యొచ్చుగా అంటుంది మా మనవరాలు జ్యోత్స్న. నేనిక్కడ అరిస్తే మా వీధంతా తలుపులు తీసుకుని బయటికొస్తుంది, తెనాలిలో ఆవిడ మాత్రం 'ఎవరూ?' అంటుంది అన్నాను. ముప్ఫై అయిదేళ్ళు పిల్లల చేత చూచిరాత రాయించినదాన్ని. నాకు ఉత్తరమే నయం.

ఈసారి ఒక పని మీద రాస్తున్నాను. మన ఊళ్ళో మా పాలెం గుడికి వచ్చే క్రిస్మస్‌కి నూరేళ్ళు నిండుతాయి. అప్పట్లో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని మా వాళ్ళ పేర్లు నల్లరాతి మీద చెక్కించి గోడకి పెట్టిస్తామన్నారు పాస్టరుగారు. మొత్తం నాలుగు పేర్లు. మొదటిది మా నాన్న లాజరుది. జ్యోత్స్న సైన్యం వాళ్ళ రికార్డులకి రాసింది. మిగతా ముగ్గురి నంబర్లూ వచ్చాయి. నాన్న పేరు లేదన్నారు. మళ్ళీ రాసింది. మళ్ళీ లేదన్నారు.

నేను బతుకులో గొప్పగా చెప్పుకున్నది ఒకటే, యుద్ధంలో పోయినవాడి కూతుర్నని. రేపల్లె బోర్డింగు స్కూల్లో నా చిరుగుల గౌను చూసి నవ్విన పిల్లలకి అదే జవాబు చెప్పాను. టీచరునయ్యాక ఏటా యుద్ధం పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసేసి మా నాన్న గురించే చెప్పేదాన్ని.

నాకప్పుడు అయిదేళ్ళు, మీకు తొమ్మిది. నాన్న మీ ఇంట్లోనే పాలేరు కదా. ఏ నెలలో వెళ్ళాడు, ఎవరితో వెళ్ళాడు, ఎక్కడ రైలెక్కాడు? గుర్తున్నంత రాయండి. ఆగస్టు ఆఖరుకి రాయి చెక్కేవాడికి పేర్లు ఇవ్వాలి. ఆధారం లేని పేరు చెక్కరట.

మీ
రాజమ్మ


తెనాలి,
27 జూన్ 2025

రాజమ్మా,

అబీదా నీ ఉత్తరం పట్టుకొచ్చేసరికి నేను బాల్కనీలో కూర్చుని మా మిల్లుకొచ్చే లారీలు చూస్తున్నాను. నాకున్న సినిమా అదే. మూడంతస్తుల ఇల్లు, లిఫ్టు, గదికో ఏసీ. మాట్లాడే మనిషి మాత్రం అన్నం వండిపెట్టే అబీదా ఒక్కతే. మా మరిది కొడుకు వినయ్ కుమార్ రోజూ పొద్దున వచ్చి "బాగున్నావా పెద్దమ్మా" అంటాడు. నేను జవాబు చెప్పేలోగా లిఫ్టు దిగిపోతుంది. పిల్లలు లేరన్న దిగులు మా ఆయన ఉన్నన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు నీ ఉత్తరం వచ్చిన రోజే నాకు మనిషి వచ్చినట్టు.

యుద్ధం రోజులంటే ఎన్ని గుర్తొస్తాయో! మన ఊరి మీదుగా మొదటి విమానం పోయినప్పుడు మా నాయనమ్మ కోళ్ళన్నిటినీ గంపల కింద మూసిపెట్టి, తను మాత్రం వాకిట్లో నిలబడి తలెత్తి చూసింది. "నే పోతే పోతా, పెట్టలు పోతే మళ్ళీ ఏడ తెచ్చేది?" అంది. బర్మా నుంచి కాలినడకన వచ్చినవాళ్ళు కాలవ గట్టు మీద దిగితే మా అమ్మ రెండు కాగుల గంజి కాయించింది. అందులో ఒకావిడ గంజి తాగకుండా కాళ్ళకేసి చూసుకుంటూ కూర్చుంది. అరికాళ్ళలో చర్మమే లేదు.

ఇక కంట్రోళ్ళు, అన్నీ సర్కారు కొలిచి ఇచ్చే రోజులు. బట్ట కంట్రోలు, చక్కెర కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు. ఆ కిరసనాయిల్లో ఏం కలిపి అమ్మేవాళ్ళో, బుడ్డి వెలిగిస్తే టపటపా కొట్టుకుని ఆరిపోయేది. ఒక్క పూట అన్నాలయ్యేలోగా మూడుసార్లు వెలిగించేవాళ్ళం. వడ్లన్నీ సర్కారు చెప్పిన ధరకి తోలాలంటే మా నాన్నకి ప్రాణం పోయినంత పని. తిండికి ఇంతని వదిలి మిగతాది పట్టుకుపోయేవాళ్ళు.

మీ అమ్మ రిబ్కా నాట్లలో పాట ఎత్తుకుంటే అవతలి గట్టు వాళ్ళు పని ఆపి వినేవాళ్ళు. నువ్వొకసారి గడ్డివాములో నిద్రపోతే ఊరంతా వెతికారు. మా కుక్క నల్లోడు నీ గౌను పట్టి లాక్కొచ్చింది.

మీ నాన్న వెళ్ళిన నెల సరిగా గుర్తు లేదే. ఆ రోజుల్లో చాలామంది వెళ్ళారు. ఎనభై ఏళ్ళ నాటి మాట. నువ్వు చెప్పిన నూనె మోకాళ్ళకి రాస్తున్నాను, గుణం కనిపిస్తోంది.

సామ్రాజ్యం


బాపట్ల,
10 జూలై 2025

చిన్నమ్మగారికి,

మీ ఉత్తరం జ్యోత్స్నకి చదివి వినిపించాను. నల్లోడి దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అది, "అమ్మమ్మా, అడిగింది తప్ప అన్నీ రాశారు కదే" అంది.

నాకూ అదే తోచింది. జవాబు రాని పిల్లలు ప్రశ్న చుట్టూ ఎంత రాస్తారో నాకు బాగా తెలుసు. కుక్క పేరు గుర్తుంది, మీ నాయనమ్మ అన్న మాట గుర్తుంది. మీ ఇంట్లో పదేళ్ళు పనిచేసిన మనిషి ఊరు విడిచి వెళ్ళిన రోజు గుర్తు లేదా? తప్పుగా అనుకోకండి. నాకు గడువు దగ్గరపడుతోంది, ఆ తొందరలో రాస్తున్నాను.

మా అమ్మ చెప్పింది రాస్తాను, దాన్ని పట్టుకుని మీకేమైనా తడుతుందేమో చూడండి. శ్రావణ మాసం. నాట్లు ముమ్మరంగా ఉన్నాయి. అమ్మ చేలో ఉంది. నాన్న పొద్దున గంజి తాగి, పెద్దయ్యగారు, అదే మీ నాన్నగారు, రమ్మన్నారని మీ ఇంటికి వెళ్ళాడు. సాయంత్రం పెద్దయ్యగారే పాలెం దాకా వచ్చి, "లాజరు పటాలంలో చేరతానని వెళ్ళిపోయాడమ్మా, ఎంత చెప్పినా వినలేదు" అన్నారట. పెద్దయ్యగారు పాలెంలో అడుగుపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

యుద్ధం అయిపోయి సిపాయిలు తిరిగొస్తుంటే అమ్మ రోజూ రేపల్లె స్టేషనుకి నడిచేది. నన్నూ తీసుకెళ్ళేది. బండి ఖాళీ అయ్యేదాకా నిలబడేవాళ్ళం. ఏడాది పైగా తిరిగాం. అక్కడ పోర్టరు మమ్మల్ని చూసి ముఖం తిప్పుకునేవాడు.

మీ ఇంటికి వచ్చాడన్నది ఖాయం. మీ ఇంటి నుంచి ఎటు వెళ్ళాడు?

రాజమ్మ


తెనాలి,
19 జూలై 2025

రాజమ్మా,

నన్ను బెంచీ ఎక్కించకు తల్లీ, ఈ వయసులో దిగలేను.

శ్రావణమే. మీ అమ్మ చెప్పింది సరిపోయింది. మా ఇంటికి వచ్చాడు, ఇక్కడి నుంచే వెళ్ళాడు. దానికింత తర్జనభర్జన ఎందుకు? నేను చూశానని పాస్టరుగారికి చెప్పు. తొంభై ఏళ్ళ ముసల్ది చెబుతుంటే కాదనేవాడెవడు? కావాలంటే వినయ్ చేత పెద్దవాళ్ళకి చెప్పిస్తాను. పేరు చెక్కించుకో, నీ మనసు కుదుటపడుతుంది.

ఇక్కడ వానలు పట్టాయి. అబీదా కూతురికి పురుడొచ్చింది, నాలుగు రోజులు రాదు. వినయ్ హోటలు నుంచి క్యారేజీ పంపుతున్నాడు. ఇంట్లో గడియారాలు ఇన్ని ఉన్నాయని ఇప్పుడే తెలిసింది. వినపడకపోయినా ప్రతి గదిలో ఒకటి నన్నే చూస్తోంది.

సామ్రాజ్యం


బాపట్ల,
2 ఆగస్టు 2025

చిన్నమ్మగారికి,

మీరు చల్లగా ఉండాలి. మీ ఉత్తరం పాస్టరుగారికి చూపించాను. "కళ్ళారా చూసినవారు ఉన్నారంటే ఇంకేం కావాలండి? ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తే చాలు" అన్నారు. నేను అక్కడే, గుళ్ళోనే ఏడ్చేశాను. ఈ వయసులో ఇదేంటని జ్యోత్స్న కోప్పడింది.

కాగితం అదే టైపు చేసింది, ఇందులో పెట్టాను. 'లాజరు 1944 శ్రావణంలో సైన్యంలో చేరడానికి మా ఇంటి నుంచి బయలుదేరి వెళ్ళగా నేను స్వయంగా చూశాను' అని ఉంది. కింద సంతకం పెట్టి పంపండి. రాయి మీద మొదటి పేరు నాన్నదే ఉండేలా ఒప్పించాను.

మొన్న మిమ్మల్ని గద్దించినట్టు రాశాను. మనసులో పెట్టుకోకండి. నాకు మీకన్నా దగ్గరివాళ్ళెవరు?

మీ
రాజమ్మ


తెనాలి,
9 ఆగస్టు 2025

రాజమ్మా,

నీ కాగితం సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. మూడుసార్లు పెన్ను తీశాను. 'వెళ్ళగా చూశాను' అన్న మాట దగ్గర చెయ్యి ఆడలేదు. మీ నాన్న మా ఇంటి నుంచి ఎటూ వెళ్ళలేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

ఆ ఏడు సర్కారుకి తోలకుండా మా నాన్న కొన్ని వడ్లు దాచాడు. మన నేలలో పాతర పనికిరాదు, చెమ్మ. అయినా పలనాడు నుంచి ఒక మనిషిని పిలిపించి పశువుల కొట్టం మెరకలో మనిషిన్నర లోతు గొయ్యి తవ్వించి, గడ్డి పరిచి, వడ్లు పోసి, పైన పలకలు వేసి మట్టి కప్పించాడు. వెళ్ళేటప్పుడు ఆ పలనాటి మనిషి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "తీసేరోజు మూత తెరిచి ఒక పూట వదిలెయ్యండి. తర్వాత దీపం దించండి. దీపం ఆరితే మనిషి దిగకూడదు." పాతరలో విషపు గాలి పుడుతుందట. మన వైపు ఎవరికీ ఆ సంగతి తెలియదు.

శ్రావణంలో వేమూరు నుంచి కబురొచ్చింది, తాలూకా వాళ్ళు గునపాలతో కొట్టాలు పొడిచి చూస్తున్నారని, రేపో మాపో మన ఊరని. ఆ రోజే వడ్లు తీసి పడవలో తెనాలి చేర్చాలని మా నాన్న తొందర. ఊరంతా నాట్లలో ఉన్న వేళ చూసి మీ నాన్ననీ, ఇంకో పాలేరు కోటయ్యనీ పిలిచాడు. ఒక పూట ఆగే ఓపిక లేదు. పలకలు తీయగానే పులిసిన వాసన కొట్టింది. దీపం దించే పని నాకిచ్చారు. కిరసనాయిలు బుడ్డికి తాడు కట్టి దించాను. సగంలో ఆరింది. పైకి లాగి వెలిగించి మళ్ళీ దించాను. మళ్ళీ అక్కడే ఆరింది.

మీ నాన్న గొయ్యి అంచున గొంతుక్కూర్చుని నా వంక చూశాడు. "చిన్నమ్మగారూ, ఆరిపోయిందండి" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "కంట్రోలు కిరసనాయిలు లాజరూ! మా ఇంట్లోనూ ఇంతే, నిలవదు" అన్నాను. నాకు అబద్ధం చెప్పాలని లేదు. అదే నిజమనుకున్నాను. ఆయన నవ్వాడు. "అదీ నిజమేనండి" అని తలగుడ్డ బిగించి దిగాడు. మా నాన్న విన్నాడు. పలనాటి వాడి మాట ఆయనకి గుర్తుంది. ఆపలేదు.

రెండు తట్టలు కూడా నింపలేదు. మా నాన్న గొయ్యిలోకి వంగి "లాజరూ, పైకి రారా! లాజరూ!" అని అరుస్తూనే ఉన్నాడు. కోటయ్య తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని నడుముకి తాడుతో దిగాడు. సగంలోనే వేలాడిపోతే ఇద్దరం కలిసి లాగాం. రెండు రోజులు అతనికి మాట రాలేదు. మనిషి పోయాడని అర్థమయ్యాక మా నాన్న భయం మనిషి కోసం కాదు, తన కోసం అయింది. దాచిన వడ్లు, పైన ఒక చావు. వడ్లతో సహా గొయ్యి తన చేతులతోనే పూడ్చాడు. నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. కోటయ్యని మాట రాగానే ఊరు దాటించాడు. పటాలం కథ అప్పుడు పుట్టింది.

తొమ్మిదేళ్ళకి భయపడి చెప్పలేదు. పెళ్ళయ్యాక పరువు కోసం చెప్పలేదు. ఇన్నేళ్ళొచ్చాక ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఉత్తరాలు మానేస్తావని. నాకు రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు రాజమ్మా.

చుట్టూ అంతా రొయ్యల చెరువులకి ఇచ్చేసినా ఆ మెరక మాత్రం నేను ఇవ్వలేదు. పెద్దమ్మకి చాదస్తమని వినయ్ అందరికీ చెబుతాడు.

సామ్రాజ్యం


బాపట్ల,
21 ఆగస్టు 2025

సామ్రాజ్యమ్మ గారికి,

మీ ఉత్తరం వచ్చి వారమైంది. మొదటి మూడు రోజులు దాన్ని జ్యోత్స్నకి కూడా చూపించలేదు.

మా అమ్మ 1979లో పోయింది. పోయిన రోజున చేతులకి గాజులున్నాయి. చావు కబురు రాలేదు కాబట్టి తీయనంది. పాలెంలో వాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా తీయలేదు. "ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు" అని మీ అమ్మగారు పసుపురంగు చీర పంపారు. అది కప్పే సమాధి చేశాం. ఆవిడకి తెలుసా? తెలిసే పంపారా? మీరు అప్పుడు అక్కడే ఉన్నారు. నన్ను పట్టుకుని ఏడ్చారు కూడా.

మీరు తొమ్మిదేళ్ళ పిల్ల. కిరసనాయిలు మాట మీద నాకు కోపం లేదు. ఏ పిల్లయినా అదే అంటుంది. ఆ తర్వాతి ఎనభై ఏళ్ళు మీరు పిల్ల కాదు. మేము స్టేషనులో నిలబడిన రోజుల్లో మీ ఇంటి ఎడ్లబండి మమ్మల్ని దాటుకుని వెళ్ళేది. మీరు చెయ్యి ఊపేవారు.

నేను వందలమంది పిల్లలకి అబద్ధం పాఠం చెప్పాను. మా నాన్న దేశాలు దాటి పోలేదు. మేము రోజూ నడిచే దారి పక్కనే, పశువుల కాళ్ళ కింద ఉన్నాడు. ఒక ప్రార్థన లేదు, ఒక పువ్వు లేదు.

ఉత్తరంలో చెప్పి ఊరుకుంటే సరిపోదు. సెప్టెంబరు ఏడు ఆదివారం. పాలెం గుడికి రండి. అందరి ముందూ మీ నోటితో చెప్పండి. తర్వాత ఆ చోటు చూపించండి. రాలేనంటే ఇక నాకేమీ రాయొద్దు.

రాజమ్మ


తెనాలి,
29 ఆగస్టు 2025

రాజమ్మా,

వస్తాను. వినయ్ వద్దంటున్నాడు. పరువు, కేసులు, నా బీపీ అన్నీ చెప్పాడు. మొదటిసారి నా గదిలో గంటసేపు కూర్చున్నాడు. అబీదా మాత్రం, "నేను పట్టుకుంటానమ్మా, పోదాం" అంది.

మా అమ్మకి తెలుసు. చీర ఎంచింది నేను.

సామ్రాజ్యం


రేపల్లె,
8 సెప్టెంబరు 2025

సామ్రాజ్యమ్మ గారికి,

నిన్న కారెక్కేముందు ఏదో అడగబోయి మానేశారు. మళ్ళీ రాస్తావా అనే కాబోలు. అందుకని బాపట్ల వెళ్ళకుండా ఇక్కడ మా చుట్టాల ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

కుర్చీ వేస్తే మీరు కూర్చోలేదు. అబీదా భుజం పట్టుకుని నిలబడి చెప్పారు. మీ గొంతు ఎంత పెద్దదో మీకు వినపడదు, పైగా మైకు పెట్టారు. బయట రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆగి విన్నారు. మీ నాన్నగారి మాట కూడా దాచలేదు. "లాజరూ, పైకి రారా" అని మీరు అన్నప్పుడు గుళ్ళో ముందు వరసవాళ్ళు లేచి నిలబడ్డారు. బైబిల్లో, యేసు పిలిస్తే సమాధిలోంచి లేచి వచ్చినవాడి పేరది. మా వాళ్ళు పిల్లలకి ఎంతో ఆశపడి పెట్టుకుంటారు.

మెరక దగ్గర వినయ్ కుమార్ తవ్వించమంటారా అని మర్యాదగానే అడిగాడు. వద్దన్నాను. కదిలించడం నాకిష్టం లేదు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాలెం ఆడవాళ్ళు పాడారు. గుడి గోడ మీద ఇక మూడు పేర్లే ఉంటాయి. నాన్నకి ఆ మెరక మీదే రాయి వేస్తారు.

గట్టు దిగేటప్పుడు మీ చెయ్యి పట్టుకున్నానని, నేను క్షమించేశానని అందరూ అనుకుంటున్నారు. జారిపడతారని పట్టుకున్నాను. క్షమించానో లేదో నాకే తెలియదు. తెలిశాక చెబుతాను, తెలియకుండానే పోతానేమో కూడా.

ఇక రాయకూడదనే అనుకున్నాను. ఈ పొద్దున నాన్నని తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే ఏమీ రాలేదు. ఇన్నాళ్ళూ నేను తలుచుకున్నది ఖాకీ బట్టలు, టోపీ, భుజాన తుపాకీ. అవి తీసేస్తే లోపల మనిషి లేడు. నా దగ్గర ఫోటో లేదు. అమ్మ ఏడుస్తుందని చిన్నప్పుడు అడగలేదు. కోటయ్య ఎప్పుడో పోయి ఉంటాడు. మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. దిగేముందు ఆయన నవ్వాడని రాశారు. మా నాన్న నవ్వేవాడని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని చూసినవాళ్ళలో ఈ భూమ్మీద మిగిలింది మీరొక్కరే. నాకు ఎంత కోపమొచ్చినా మిమ్మల్ని వదులుకునే దారి లేదు. పొడుగా, పొట్టా? నలుపెంత? పాడేవాడా? అన్నంలోకి ఏం కావాలనేవాడు? ఎద్దుల్ని ఏమని అదిలించేవాడు? నన్ను ఎత్తుకునేవాడా? ఏమని పిలిచేవాడు? ఒక్కటీ దాచొద్దు, నా సంతోషం కోసం ఒక్కటీ కల్పించొద్దు.

వారానికో ఉత్తరం రాయండి. చెయ్యి వణికితే అబీదా చేత రాయించండి. మందులు వేళకి వేసుకోండి. అంతా నాకు చెప్పేదాకా మీరు పోవడానికి వీల్లేదు.

లాజరు కూతురు
రాజమ్మ